రెండు మందుల మధ్య పేచీ: రక్తం ముందే చెబుతుందా?

కొలెస్ట్రాల్ కోసం స్టాటిన్ మాత్ర వేసుకునే పెద్దలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. ఒంటరిగా వాడినప్పుడు ఇబ్బంది పెట్టని మాత్ర, పక్కన ఇంకో మందు చేరగానే తేడా చేయవచ్చు. అవయవ మార్పిడి జరిగినవారు వాడే సైక్లోస్పోరిన్‌తో పాటు రోసువాస్టాటిన్ వేసుకుంటే, రక్తంలో రోసువాస్టాటిన్ సుమారు 7 రెట్లు పెరుగుతుంది. మోతాదు అదే, ప్రభావం వేరు. కండరాలు దెబ్బతిని, ఆ వ్యర్థాలు కిడ్నీల మీద పడే ప్రమాదం ఉంటుంది. 2001లో సెరివాస్టాటిన్ అనే మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నది ఇలాంటి కండరాల నష్టం, మరణాల వల్లే. జెమ్‌ఫైబ్రోజిల్‌తో కలిపి వాడినవారికి ముప్పు మరీ ఎక్కువగా కనిపించింది.

ఎందుకిలా? కాలేయ కణాలకు గుమ్మాల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. వీటిని ట్రాన్స్‌పోర్టర్లు అంటారు. చాలా స్టాటిన్లు ఓఏటీపీ1బీ1 అనే గుమ్మం గుండా రక్తంలోంచి కాలేయంలోకి వెళతాయి. మరో మందు ఆ గుమ్మానికి అడ్డం పడితే స్టాటిన్ రక్తంలోనే ఆగిపోతుంది.

కొత్త మందు ఈ గుమ్మాన్ని అడ్డుకుంటుందో లేదో తెలుసుకోవాలంటే, వాలంటీర్లకు ఆ మందుతో పాటు స్టాటిన్ కూడా ఇచ్చి, పదేపదే రక్తం తీసి చూడాలి. ఇప్పుడు ఇంకో దారి దొరికింది. శరీరం హీమ్‌ను తయారుచేసేటప్పుడు కోప్రోపోర్ఫిరిన్-1 అనే పదార్థం కొద్దిగా పక్కకు వస్తుంది. కాలేయం దాన్నీ ఇదే గుమ్మం గుండా లోపలికి తీసుకుని పిత్తంలోకి పంపేస్తుంది. గుమ్మం మూసుకుంటే రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇచ్చినా, రక్తంలో అది కొన్ని రెట్లు పెరగడం పరిశోధకులు చూశారు. పుట్టుకతోనే ఈ రకం గుమ్మాలు పనిచేయని రోటర్ సిండ్రోమ్‌లోనూ అది ఎక్కువగానే ఉంటుంది.

దీనివల్ల లాభం ఏమిటంటే, కొత్త మందు తొలి దశ పరీక్షల్లో ఎలాగూ తీసే రక్తంలోనే ఈ సంగతి కూడా చూసుకోవచ్చు. అదనంగా స్టాటిన్ ఇవ్వనక్కర్లేదు. కోప్రోపోర్ఫిరిన్ పెరగకపోతే, ఆ గుమ్మం వరకు పెద్ద పేచీ లేనట్టే. మందుల పరస్పర చర్యలపై 2024లో ఖరారైన ఎం12 అంతర్జాతీయ మార్గదర్శకం కూడా ఇలాంటి సహజ సూచికల ప్రస్తావన చేసింది.

కిడ్నీల్లోనూ ఇలాంటి గుమ్మాలున్నాయి. మనకు తెలిసిన క్రియాటినిన్‌లో కొంత భాగం వీటి గుండానే మూత్రంలోకి పోతుంది. ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ ఈ దారిని అడ్డుకుంటుంది. అందుకే కిడ్నీ దెబ్బతినకపోయినా రిపోర్టులో క్రియాటినిన్ కాస్త పెరిగినట్టు కనిపించవచ్చు. అలాగని పెరిగిన ప్రతిసారీ మందు మీదకు నెట్టేయకూడదు. అది డాక్టరే తేల్చాలి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఇలాంటి గుమ్మాల గుండానే బయటికి పోతుంది.

కోప్రోపోర్ఫిరిన్ కొలత ప్రధానంగా మందుల తయారీలో ఉపయోగపడేది. మీ కాలేయం రిపోర్టులో దాని కోసం వెతకనక్కర్లేదు. పైగా అది ఒక రకం గుమ్మాల సంగతే చెబుతుంది, అన్ని రకాల పేచీలనూ పట్టుకోలేదు.

అందుకే మన జాగ్రత్త మనకుండాలి. హోసూరులో ఒక డాక్టరు, బెంగళూరులో ఇంకొకరు, సెలవులకు వెళ్లిన ఊళ్లో మరొకరు రాసిన మందులు ఒకే ఇంట్లో, ఒకే డబ్బాలో కలుస్తుంటాయి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోవచ్చు. కాబట్టి బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు, మోతాదు ఒక కాగితం మీద రాసి ప్రతి డాక్టరుకూ చూపించండి. ఆయుర్వేదం, మూలికలు వాడుతుంటే అవీ రాయండి. స్టాటిన్ వాడుతూ కొత్త మందు మొదలుపెట్టాక ఒళ్లు విపరీతంగా నొప్పులు పెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. ఇవేవీ లేకుండా, కేవలం భయంతో ఉన్న మాత్ర మాత్రం మానేయకండి.