కాగితపు కొండలో భూగర్భ పాఠము

పంచాయతీ సభ్యులు గ్రామ పాఠశాలకు పోయినప్పుడు పైకప్పు, ప్రహరీ గోడ, మంచినీరు, హాజరు పట్టీ పరిశీలించుట పరిపాటి. అవి తప్పక చూడవలసినవే. కాని ఆ గోడల నడుమ పిల్లలు ఎట్లు నేర్చుకొనుచున్నారో గమనించుటకు కూడ కొంతకాలము వెచ్చింపవలయును. ఇందుకు నిదర్శనముగా అగ్నిపర్వతముల పాఠమును తీసికొందము.

ఇటీవల మేము గోదావరి తీరమున ఒక పాఠశాలకు పోయియుంటిమి. ఏడవ తరగతి బాలిక ఒకతె అగ్నిపర్వతము అనగా నేమో తడబడక అప్పగించినది. "అచ్చట మండుచున్నది ఏమమ్మా?" అని అడుగగా, "కొండయండీ" అని బదులు చెప్పినది. తప్పు ఆ బాలికది కాదు. అగ్ని అను మాటయే అట్లు భ్రమింపజేయును. నిజమునకు అచ్చట కట్టెవలె, బొగ్గువలె కొండ మండుట లేదు. భూమి లోతున కరిగియున్న రాయి పగుళ్ల గుండ పైకి వచ్చుచున్నది. లోపల నున్నంతవరకు దానిని మాగ్మా అనియు, వెలికి వచ్చిన పిదప లావా అనియు అందురు. దాని వేడిమి సుమారు 700 నుండి 1,200 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండును.

కరిగిన రాతిలో నీటి ఆవిరి మొదలగు వాయువులు ఇమిడియుండును. గోలీసోడా కొట్టగనే నురుగు పొంగినట్లు, పైనున్న ఒత్తిడి తగ్గగనే అవి విడివడి రాతిద్రవమును ఎగదన్నును. ద్రవము పలుచని గంజివలె నున్నచో వాయువులు సులభముగా వెడలిపోవును, లావా దూరము పారును. ముదురుపాకము వలె నున్నచో వాయువులు లోన చిక్కుకొని తుదకు ప్రేలును. కొండ ఆకారము చాలవరకు దీనిపై ఆధారపడియుండును. ఈ సంగతి నోటితో చెప్పుటకన్న కాగితముతో చూపుట సులభము.

20 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో దళసరి కాగితముపై మూడు వృత్తములు గీయవలయును. మొదటి దానిలో అంచు వద్ద ఒకటిముప్పాతిక సెంటీమీటరు వెడల్పుగల సన్నని ముక్కను కేంద్రమువరకు కత్తిరించి, అంచులు కలిపి అతికింపవలయును. వాలు 10 డిగ్రీలకు లోపుగా నుండి, డాలు బోర్లించినట్లు కనబడును. పలుచని లావా పొరలు పొరలుగా పారి యేర్పడు కొండ ఇట్లే యుండును. హవాయి దీవులలోని మౌనాలోవా ఇట్టిది.

రెండవ వృత్తముపై వృత్తలేఖినిని అదే కొలతతో చుట్టును జరుపుకొనిపోయినచో ఆరు సమభాగములగును. ఒక భాగమును తీసివేసి అతికించినచో వాలు సుమారు 33 డిగ్రీలగును. ఎగజిమ్మబడిన రాతిబుగ్గి కుప్పపడిన కొండవాలు ఇంచుమించు ఇంతే. కళ్లములో ధాన్యము రాశి పోసినవారికి ఈ వాలు క్రొత్తది కాదు. ఈ పనిలో భూగోళముతోపాటు రేఖాగణితము కూడ పిల్లలకు అబ్బుచున్నది.

మూడవ దానిని కూడ రెండవదానివలెనే చేసి, దానిపై పాత వార్తాపత్రిక ముక్కలను ఒక పొరగను, ఎఱ్ఱ కాగితమును ఒక పొరగను మైదా జిగురుతో మార్చి మార్చి అంటింపవలయును. మొదటిది బూడిద, రెండవది లావా. బాగుగా ఆరిన పిదప ఉపాధ్యాయుడే దానిని నిలువున కోసి చూపవలయును. జపానులోని ఫ్యూజీ, ఫిలిప్పీన్సులోని మాయోన్ ఇట్లు పొరలుగా పెరిగినవే. పురుగు పట్టకుండ జిగురులో మైలతుత్తము కలుపు వాడుక కొన్నిచోట్ల కలదు. అది విషము గనుక పిల్లల పనిలో వాడరాదు. మంటలు, నిప్పురవ్వలు చూపుటకై అమోనియం డైక్రోమేటును కాల్చుటయు హానికరము. వంటసోడాపై నిమ్మరసము పోసినచో వచ్చు నురుగు చాలును. అయితే అది పోలిక మాత్రమేయనియు, కొండలో జరుగునది ఆ రసాయన చర్య కాదనియు పిల్లలకు చెప్పవలయును.

"కాగితపు బొమ్మలు చేయుట చదువగునా?" అని సభ్యులలో ఒకరు మమ్ము ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. దానికి మెక్సికో దేశపు రైతుల అనుభవము సమాధానము చెప్పగలదు. 1943 ఫిబ్రవరి 20వ తేదీన పరికుటిన్ గ్రామము చెంత ఒక రైతు మొక్కజొన్న చేనిలో నేల పగిలి బూడిద వెలువడ నారంభించినది. ఒక సంవత్సరములో అచ్చట 300 మీటర్లకు మించిన కొండ లేచినది. 1952లో అది చల్లారులోపల రెండు గ్రామములు లావా పాలైనవి. లావా మెల్లగా వచ్చినందున జనులు ముందుగనే తరలిపోగలిగిరి. 1991లో ఫిలిప్పీన్సులోని పినతూబో ప్రేలుటకు ముందు శాస్త్రజ్ఞులు హెచ్చరించుటచేత వేలకొలది జనులు ప్రాణములు దక్కించుకొనిరి. హెచ్చరిక ఎంత గొప్పదైనను, వినువారికి అర్థమైననే ఉపయోగము. తుపానుల తీరమున నివసించు మనకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

మన నేలకు ఈ పాఠముతో సంబంధము లేకపోలేదు. గోదావరికి పడమట పంగిడి, దుద్దుకూరు, తూర్పున కాతేరు ప్రాంతములలోని నల్లరాయి ఒకప్పటి లావాయే. ఆదిలాబాదు ప్రాంతము మొదలు మహారాష్ట్ర వరకు సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొన్న దక్కను రాతిపొరలును అట్టివే. ఇవి 6 కోట్ల సంవత్సరములకు పూర్వపువి. ఆదిలాబాదులో ప్రత్తి పండించు రేగడినేల చాలవరకు ఆ రాయి చివికి యేర్పడినదే. గోదావరి తీరపు పొరల నడుమ గుల్లలతో కూడిన సున్నపురాతి పొర కూడ కలదు. లావా పారిన కాలమున అచ్చట సముద్రపు అంచు ఉండెనని అది తెలుపును.

"మా కంకర క్వారీ మరల ప్రేలునా?" అని ఒక బాలుడు భయపడుచు అడిగెను. ప్రేలదు. ఆ లావా ఏనాడో చల్లారినది. నేడు మన దేశమున సజీవమైన అగ్నిపర్వతము అండమాన్ సముద్రములోని బ్యారన్ దీవి ఒక్కటే. అచ్చట మనుష్యులు నివసించుట లేదు. దీర్ఘకాలము మౌనముగా నుండి అది 1991లో మరల ప్రేలినది. పాఠము చక్కగా బోధపడినచో ఇట్టి భయములు తొలగును. కొండ చేసిన చేతులకు కొండ భయము తక్కువ.

ఈ విషయమున పంచాయతీ చేయదగిన పనులు స్వల్పములు. కార్యాలయమున పోగుపడు వార్తాపత్రికలను, అట్టపెట్టెలను పాఠశాలకు ఈయవచ్చును. లెక్కలకు, రికార్డులకు సంబంధించిన కాగితములు మాత్రము అందులో చేరరాదు. రోడ్డు పనికి వచ్చిన నల్లకంకరలో రెండు రాళ్లు తీసి తరగతిలో ఉంచవచ్చును. పిల్లలు చేసిన నమూనాలు చెదపట్టకుండ ఒక అలమర ఏర్పరుపవచ్చును. ఫిబ్రవరి 28వ తేదీన జాతీయ విజ్ఞాన దినమునాడు పాఠశాల యాజమాన్య సంఘముతో కూడి వానిని గ్రామస్థులకు ప్రదర్శింపవచ్చును.

ఆనాడు సభ్యులు నమూనాల అందమును మాత్రమే మెచ్చుకొని మరలిపోరాదు. "ఇందులో మండుచున్నది ఏమి?" అని ఒక బిడ్డను అడుగవలయును. "ఏదియు మండుట లేదండీ, కరిగిన రాయి పైకి వచ్చుచున్నది" అని ఆ బిడ్డ తన కాగితపు కొండను విప్పి చూపిన నాడు, ఆ పాఠశాలకు మీరిచ్చిన పాత కాగితము సార్థకమైనట్లే.