సీటు కింద దాగిన సైన్సు

అమలాపురం నుంచి రాజమండ్రి దాకా మోటారు సైకిలు మీద ఎప్పుడైనా వెళ్ళారా? సగం దారిలోనే తిమ్మిరెక్కి అటూ ఇటూ కదిలే ఉంటారు. "సీటు చెక్కలా అయిపోయింది" అని మామయ్య విసుక్కునే ఉంటాడు. అలాంటి సీటును ఇంట్లోనే బాగు చేసుకోవచ్చు. అయితే కత్తెర పట్టేముందు కాస్త సైన్సు తెలియాలి.

ఒక చిన్న ప్రయోగం చేయండి. స్పాంజి మీద ఇటుకను పడుకోబెట్టండి. తరువాత నిలబెట్టండి. రెండోసారి స్పాంజి ఎక్కువ లోతుకు అణుగుతుంది. ఇటుక బరువు మారలేదు, అది ఆనే వైశాల్యం తగ్గిందంతే! బరువును వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే పీడనం.

గట్టి బల్లమీద కూర్చుంటే బరువంతా తుంటి ఎముకల అడుగు కొసల మీద పడుతుంది. 50 కిలోల బరువు 100 చదరపు సెంటీమీటర్ల మీద పడిందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు అర కిలో! అదే బరువును మెత్తని సీటు 500 చదరపు సెంటీమీటర్లకు పంచితే పీడనం అయిదో వంతే. పీడనం ఎక్కువైతే సన్నని రక్తనాళాలు, నరాలు నొక్కుకుపోతాయి. తిమ్మిరికి కారణం ఇదే.

అలాగని ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదా? కాదు. మరీ మెత్తని స్పాంజి పూర్తిగా అణిగిపోతుంది. గతుకులో పడితే దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. అందుకే అడుగున గట్టి పొర, పైన మెత్తని పొర వేయాలి.

అణిగి మళ్ళీ లేచే గుణమున్న వస్తువు కోనసీమలో ఇంటింటా ఉంది. అదే కొబ్బరి డొక్కల పీచు. అందులో లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ. మెలితిప్పిన పీచుపై రబ్బరు పాలు చల్లి, అచ్చులో నొక్కి వేడిచేస్తే రబ్బరు పీచు తయారవుతుంది. దీనిని పరుపుల్లోనూ, వాహనాల సీట్లలోనూ వాడతారు. రబ్బరును గంధకంతో వేడిచేసి దృఢపరచే పద్ధతిని 1839లో అమెరికావాడైన చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. నేటి సీట్లలో ఎక్కువగా ఉండే ఫోమ్‌కు మూలమైన పాలీయూరిథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం తయారు చేసింది.

ఇక పని మొదలుపెడదాం. పెద్దలను పక్కన ఉంచుకోండి. పాత రెక్సిన్ తొడుగును చింపకుండా విప్పండి. కొత్తదానికి అదే కొలత. అడుగు రేకు తుప్పు పట్టిందేమో చూడండి. ఫోమ్ కోసి, జిగురుతో అతికించి, అంచులు గరుకు కాగితంతో నునుపు చేయండి. ఫోమ్ మీద పల్చని పాలిథిన్ కాగితం కప్పండి. లేకపోతే కుట్ల రంధ్రాల గుండా వాన నీరు దిగుతుంది, ఫోమ్ పీల్చుకుంటుంది. రెక్సిన్‌ను ముందూ వెనకా లాగి బిగించి, ఆ తరువాతే పక్కలు బిగించండి. జిగురును, ఫోమ్‌ను నిప్పు దగ్గరకు తీసుకురావద్దు. ఫోమ్ కాలితే విషపు పొగ వస్తుంది.

చివరిగా అసలు సంగతి. అందం కోసం వెనకవారి చేతిపట్టును తీసివేయకండి. చేతిపట్టు, కాలు పెట్టుకునే మెట్టు, చీర కొంగు చక్రంలో చిక్కకుండా ఆపే అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. సీటు ఎత్తు పెరిగితే నడిపేవారి పాదాలు నేలకు అందుతున్నాయా? ఇది చూశాకే బండి బయటికి తీయమనండి. ఎందుకంటే ఆ సీటు మీద రేపు వెనక కూర్చునేది మీ అమ్మే కావచ్చు.