రేడియో ట్రక్కు – రెండు చక్రముల తగవు

మొన్నటి వేసవి సెలవులకు ముందు మా విద్యార్థులిద్దరు చెరియొక రేడియో ట్రక్కును పాఠశాలకు తెచ్చిరి. చేతిలోని పెట్టె మీటలు కదల్చినచో దూరముననున్న ట్రక్కు ఆ ప్రకారము నడచును. రెండును నాలుగు చక్రములతో లాగునట్టివే. మోటారులును బ్యాటరీలును ఒకే విధమైనవి. అయినను సిమెంటు ముంగిటిలో మొదటిది చకచక మలుపులు తిరుగుచుండగా, రెండవది మూలుగుచు, టైర్లు రాచుకొనుచు, వెడల్పైన వలయమున గాని తిరుగలేకపోయెను. తోటలోని రాళ్లగుట్ట చెంతకు కొనిపోగా కథ తారుమారయ్యెను. మొదటిది చక్రమొకటి గాలిలో గిరగిర తిరుగుచుండ అచటనే నిలిచిపోయెను. రెండవది నెమ్మదిగా ఎక్కి ఆవలికి దిగెను. తెలుగు పంతులునకు దీనితో ఏమి పని యని కొందరు నవ్విరి గాని, ఈ చిక్కు మమ్ము రెండు రోజులు విడువలేదు. తెలిసికొన్నదానిని ఇచట వ్రాయుచున్నాము.

ముందుగా ఎడ్లబండిని తలచుకొనుడు. దాని ఇరుసు తిరుగదు. చక్రములే ఇరుసుపై దేనికది తిరుగును. కావున మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ తిరిగినను లోపలిదానికి బాధ లేదు. బండిని లాగునవి ఎడ్లు, చక్రములు కావు. ట్రక్కులో అట్లు కాదు. మోటారు చక్రములనే త్రిప్పవలెను. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో త్రిప్పుట సులువే, కాని మలుపులో ఏమగును?

కొంచెము లెక్క వేయుదము. రెండు చక్రముల నడిమి దూరము 20 సెంటీమీటర్లు, చక్రపు వ్యాసము 10 సెంటీమీటర్లు అనుకొందము. ట్రక్కు 1 మీటరు వ్యాసార్ధము గల వలయమున ఒక చుట్టు తిరిగినచో, వెలుపలి చక్రము 110 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో నడచును గనుక 22 మార్లు తిరుగవలెను. లోపలిది 90 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో 18 మార్లు తిరిగిన చాలును. తేడా 4 చుట్లు. వలయమెంత పెద్దదైనను ఈ తేడా 4 చుట్లే యగును. ఎందువలననో లెక్కల తరగతిలో తేల్చుకొనుడు.

ఈ తేడాకు చోటిచ్చు అమరికయే డిఫరెన్షియల్. దీనికి తెలుగున ‘భేదకము’ వంటి మాటను కల్పింపవచ్చును గాని, లారీ షెడ్డులో ఆ మాట ఎవరికిని తెలియదు; షెడ్డు మాటనే వాడుదము. మోటారు నుండి వచ్చు కడ్డీ ‘క్రౌను’ అను పెద్ద పండ్లచక్రమును త్రిప్పును. క్రౌనుతో కూడ తిరుగు డబ్బాలో ‘స్టార్ పినియన్లు’ అను చిన్న పండ్లచక్రములు కలవు. వీనికి ఇరువైపుల ఎడమ, కుడి చక్రముల కడ్డీలు పండ్లతో కలిసియుండును. తిన్నని దారిలో స్టార్ పినియన్లు తమ చుట్టు తాము తిరుగక, రెండు కడ్డీలను సమముగా త్రిప్పుకొనిపోవును. మలుపులో తమ చుట్టు తాము కూడ తిరిగి, ఒకవైపు తగ్గిన చుట్లను రెండవవైపునకు కలుపును. క్రౌను 20 చుట్లు తిరుగునప్పుడు రెండు చక్రముల చుట్ల మొత్తము ఎల్లప్పుడును 40. తిన్నని దారిలో 20, 20. మలుపులో 22, 18. ఒక చక్రము పూర్తిగా ఆగిపోయినచో రెండవది 40. రాళ్లగుట్టపై మేము చూచినది అదియే. ఇట్టిదానిని ఓపెన్ డిఫరెన్షియల్ అందురు.

ఇచట చాలమంది పొరబడుదురు. జారు చక్రమునకే బలమంతయు పోవునని చెప్పుదురు. మేమును మొదట అట్లే తలచితిమి. అటు పోవునది తిరుగుడు మాత్రమే. త్రిప్పుబలమును డిఫరెన్షియల్ ఇరువైపులకును సమముగానే పంచును. గాలిలో తేలు చక్రమును త్రిప్పుటకు కావలసిన బలము అత్యల్పము. పంపకము సమము గనుక, రాతిని పట్టుకొన్న చక్రమునకును ఆ అత్యల్పమే దక్కును. అంతటి బలముతో ట్రక్కు ఎట్లు ఎక్కును?

లాక్ చేసిన ఇరుసులో ఈ పంపకమే లేదు. స్టార్ పినియన్లకు బదులు ‘స్పూల్’ అను ఒకే గట్టి ముక్క రెండు కడ్డీలను కలిపివేయును. ఒక చక్రము గాలిలో లేచినను, నేలనున్నదానికి దాని పట్టు ఓర్చుకొన్నంత బలము చేరును. బండలనెక్కు ట్రక్కులలో, ఉదాహరణకు ఆక్సియల్ వారి ఎస్.సి.ఎక్స్.10లో, ముందు వెనుక ఇరుసులు రెండును ఇట్టివే. అయితే 22, 18 మార్లు తిరుగవలసిన చక్రములు రెండును 20 మార్లే తిరుగును గనుక, ఒక్కొక్కటి వలయమునకు రెండు చుట్ల మేర, అనగా సుమారు 63 సెంటీమీటర్లు, నేలపై రాచుకొనవలెను. ఇసుకలో టైరు సులువుగా జారును. సిమెంటుపై మొండికేయును, ఆ ఒత్తిడి కడ్డీలపైనను పండ్లపైనను పడును. ముందు ఇరుసు కూడ లాక్ అయినచో, చక్రములను ప్రక్కకు త్రిప్పినను ట్రక్కు తిన్నగా పోవ చూచును.

రైలు చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగించియుండును గదా యని ఒక బాలిక అడిగెను. మంచి ప్రశ్న. రైలు చక్రము పట్టాను తాకు భాగము ఏటవాలుగా నుండుటచే, మలుపులో వెలుపలి చక్రము పెద్ద చుట్టుకొలతపైనను, లోపలిది చిన్న చుట్టుకొలతపైనను నడచును. రబ్బరు టైరునకు ఆ సదుపాయము లేదు.

జపాను దేశపు టమియా సంస్థ 1987లో వెలువరించిన క్లాడ్ బస్టర్ ఓపెన్ డిఫరెన్షియళ్లతోనే వచ్చెను. బండలెక్కింపదలచినవారు తామే లాక్ చేసికొనిరి. ట్రాక్సస్ వారు 2017లో తెచ్చిన టి.ఆర్.ఎక్స్-4లో ట్రక్కు దూరముననున్నను చేతిపెట్టె మీటతోనే లాక్ చేయవచ్చును, విడిపింపవచ్చును. పందెపు బగ్గీలలో డిఫరెన్షియల్ డబ్బాను చిక్కని సిలికాన్ నూనెతో నింపుదురు. సీసాలపై 5,000, 10,000 అని సంఖ్యలుండును. సంఖ్య పెరిగినకొలది నూనె చిక్కనై, చక్రములు విడిగా తిరుగుట తగ్గును.

మా మొదటి ట్రక్కు బాలుడు ఇంతవరకు వినలేదు. నీటిగొట్టములు కారకుండ పెట్టు ముద్దను తెచ్చి, వెనుక డిఫరెన్షియల్ నిండ కూరి గట్టిపడనిచ్చెను. మరునాడు ట్రక్కు గుట్ట నెక్కెను. ఆ సంతోషములో సాయంకాలము సిమెంటు ముంగిటిలో గంటసేపు గుండ్రముగా త్రిప్పగా, కుడివైపు కడ్డీ మెలిదిరిగి విరిగెను. ముద్ద పండ్ల నడుమనుండి ఊడిరాలేదు గనుక పినియన్లును పోయెను. మూడు నెలలు కూడబెట్టిన సొమ్ము వానికే చెల్లినది. ఇప్పుడు వెనుక ఇరుసున స్పూల్ వేయించి, ముందుదానిని ఓపెన్‌గానే ఉంచెను. సుద్దముక్కతో 1 మీటరు వలయము గీచి నడిపించితిమి. గీత నుండి బెత్తెడు వెలుపలికి పోవుచున్నది. గుట్టపై ఒక్క బండ మాత్రము మిగిలినది.