‘అంట’ పోయిన ఇంగ్లీషు

నిరుడు డిసెంబరులో ఓ రాత్రి పదకొండింటికి రాజోలు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, పిల్ల దొంగతనం చేసిందంటున్నారంట!” అని ఒకటే ఏడుపు. పిల్లంటే దాని మనవరాలు. సెప్టెంబరులోనే ఇంగ్లాండు వెళ్ళి ఎమ్మెస్సీలో చేరింది. తీరా కనుక్కుంటే పోయిన సొత్తు మూడు పేరాలు. మొదటి అసైన్‌మెంటులో ఆ మూడూ ఎవరెవరి పరిశోధన వ్యాసాల్లోంచో వచ్చాయనీ, ఫలానా రోజు వచ్చి సంజాయిషీ చెప్పుకోమనీ మెయిల్ పంపారు.

“నేను చూసి రాయలేదు తాతయ్యా. నాలుగు పేపర్లు చదివి, గుర్తుపెట్టుకుని రాశాను” అంది మర్నాడు. అబద్ధమాడే పిల్ల కాదు. గుర్తుపెట్టుకుని రాయడం చిన్నప్పట్నించీ దానికి మేం నేర్పిన విద్యే.

‘మేం’లో నా వాటా ఉంది. ముప్పయ్యేళ్ళ పైచిలుకు అమలాపురం చుట్టుపక్కల ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను. మధ్యలో హైదరాబాదు వెళ్ళి సీఫెల్‌లో డిప్లొమా కూడా చేసొచ్చాను. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పుట్టి, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది, అదే. పిల్లల చేత మాట్లాడించాలి, సొంతంగా రాయించాలి అని బోలెడు ఆవేశంతో తిరిగొచ్చాను. రెండో ఏడాదికల్లా చల్లారిపోయి మళ్ళీ నోట్సు చెప్పడం మొదలెట్టాను. “సొంతంగా రాయొచ్చాండీ?” అని ఎవడైనా అడిగితే, “ఎందుకొచ్చిన గొడవరా, ఇదే రాయి, మార్కులు పోవు” అనేవాణ్ణి. పోలేదు కూడా. ఆ పోని మార్కులే ఇప్పుడు సముద్రాలు దాటాక పోతున్నాయి.

ఈ మధ్య పొద్దున్నపూట మా అరుగు మీద ముగ్గురు నలుగురు కూర్చుంటున్నారు. అందరూ చదువుకని విదేశాలకి ప్రయాణమవుతున్నవాళ్ళే. మన దేశం నుంచి వెళ్ళి 2023-24లో అమెరికాలో చదువుతున్నవాళ్ళు 3,31,602 మంది, చైనాని కూడా దాటేశారు. ఇక కోనసీమలో వీధికొకరు ఉండడంలో వింతేముంది? వచ్చినవాళ్ళందరికీ ఐల్ట్స్ అనే ఇంగ్లీషు పరీక్ష అయిపోయింది. దాంట్లో రైటింగుకి గంట సమయం, రెండు రాతలు: ఒకటి 150 మాటలకి తగ్గకూడదు, రెండోది 250కి. ఆ రెండో దానికి ఎక్కడో కోచింగులో ఓ మూస ఇచ్చారు. ఏ ప్రశ్న వచ్చినా ‘ఇన్ దిస్ మోడ్రన్ వరల్డ్’ అని ఎత్తుకుని, రెండు లాభాలూ రెండు నష్టాలూ చెప్పి దించేయడమే. దాంతో ఆరున్నర బ్యాండు వచ్చింది. అక్కడికెళ్ళాక ఎమ్మెస్సీ ఆఖర్న రాయాల్సిన డిజర్టేషను పది పదిహేను వేల మాటలు. ఈ మూస అంత దూరం సాగదు.

ఈ తేడా బ్రిటన్ మాస్టర్లకి ఎప్పుడో తెలిసింది. పరదేశాల నుంచి వచ్చిన పిల్లలకి చదువులో పనికొచ్చే ఇంగ్లీషు విడిగా చెప్పాలని కొందరు అధ్యాపకులు 1972లో ఒక బృందంగా ఏర్పడ్డారు. ఇప్పుడు దాని పేరు బాలీప్. అక్కడి చాలా యూనివర్సిటీల్లో క్లాసులకి ముందు ఎండాకాలంలో కొన్ని వారాలపాటు ప్రీ సెషనల్ అని నడుపుతారు. మావాళ్ళు డబ్బు దండగని దాన్ని తప్పించుకుంటారు. అది లేకుండానే సీటొచ్చిందని గొప్పగా కూడా చెప్పుకుంటారు.

సరే, అరుగు మీద సంగతి చెబుతాను. కొత్తపేట కుర్రాడొకడు, అగ్రికల్చర్ చదివాడు, కెనడా వెళ్తున్నాడు. కొబ్బరికి పట్టిన రూగోస్ తెల్లదోమ మీద ఒక పేజీ రాసుకురమ్మన్నాను. 2016లో పొల్లాచ్చి వైపు మన దేశంలో మొదట కనబడి, తర్వాత మన తోటల్లోకీ దిగి, ఆకుల మీద మసి పూసినట్టు చేస్తున్న పురుగు. అంబాజీపేట పరిశోధన కేంద్రంవాళ్ళు దీనిమీద పనిచేశారు కూడా. వాడి మొదటి వాక్యం: ‘వైట్‌ఫ్లై రెడ్యూసెస్ కోకోనట్ ఈల్డ్.’ వ్యాకరణం దివ్యంగా ఉంది.

“ఎవరన్నారు?” అన్నాను.

“అందరూ అంటారు కదండీ.”

ఆ పూట మా పెరట్లో దింపు జరుగుతోంది. దింపు తీసే అతను గెలలు దించి చెట్టు కింద నీళ్ళు తాగుతున్నాడు. పిలిచి అదే అడిగాను, తెల్లదోమ వల్ల కాయ తగ్గిందా అని.

“ఆయ్, తగ్గిందంటున్నారండి. మా మావయ్యయితే దోమ వల్లేనంటాడు. నాకు మట్టుకు గట్టు మీద తోటల్లోనే తగ్గినట్టు కనబడిందండి. కాలవవతల బానే ఉందండి మరి. నీళ్ళెద్దడి కూడా అయ్యుండొచ్చు.”

కుర్రాడి చేత కాయితం తీయించి ఆ మాటలు ఉన్నవున్నట్టు రాయించాను. ‘తగ్గిందంటున్నారు’: లోకంలో ఉన్న మాట, తనది కాదు. ‘మావయ్య అంటాడు’: ఫలానావారి మాట. ‘నాకు కనబడింది’: తను చూసింది, అదీ ఎక్కడ చూశాడో హద్దు చెప్పి. ‘కాలవవతల బానే ఉంది’: తన మాటకే ఎదురు సాక్ష్యం. ‘అయ్యుండొచ్చు’: తేలనిదాన్ని తేలనట్టుగానే వదలడం. యూనివర్సిటీవాళ్ళు అడిగే ఇంగ్లీషు అంతా ఈ ఐదు ముక్కల్లో ఉంది. బడిమెట్లెక్కని మనిషి అలవోకగా అన్నాడు, డిగ్రీ చేతబట్టుకున్న మనవాడు రాయలేకపోయాడు.

తెలుగులో ‘అంట’ ఒక్కటి తగిలిస్తే చాలు, మాట చేతులు మారుతుంది. ‘పెళ్ళి కుదిరింది’ అంటే పూచీ నాది. ‘కుదిరిందంట’ అంటే నాది కాదు, విన్నాను, అంతే. మా అమ్మమ్మ ఊరి కబుర్లన్నీ చెప్పేది గానీ ఒక్కదాన్నీ ‘అంట’ లేకుండా చెప్పేది కాదు. రేపు ఎవరొచ్చి నిలదీసినా ఆవిడ దొరకదు. ఇంగ్లీషు క్రియకి అలాంటి తోక లేదు. అందుకని ఫలానావారు, ఫలానా సంవత్సరంలో అని బ్రాకెట్లో పెడతారు. సైటేషనంటే అంతకన్నా బ్రహ్మవిద్య కాదు. మేం నోట్సు చెప్పినప్పుడు తీసేసింది సరిగ్గా ఆ తోకనే. విమర్శకుడెవరో అన్నదాన్ని, అన్నవాడి పేరు ఊడబీకి, పిల్లాడి నోట్లో పెట్టాం.

బట్టీ పట్టడాన్ని నేను తిట్టను. ఘనాపాఠీలు తిరిగిన సీమ ఇది. కానీ వేదం వల్లించేవారెవరూ ఇది నా సొంతమనరు. మన మెతుకుసీమ కొలచాల ఊరి మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం మొదలెడుతూనే, ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఇంగ్లాండులో పిల్లకిచ్చిన హ్యాండుబుక్కు నలభై పేజీలూ చదివాను. మల్లినాథుడు చెప్పనిదేదీ అందులో నాకు కనబడలేదు, కామాలు ఎక్కడ పెట్టాలన్నది తప్ప.

ఇక పిల్ల చేసిన పని. నాలుగు పేపర్లలోంచి వాక్యాలు తీసి, అక్కడో మాటా ఇక్కడో మాటా మార్చి, పక్కపక్కన కుట్టింది. పాత చీరలతో బొంత కుట్టినట్టు. దీనికి ప్యాచ్‌రైటింగ్ అని 1990ల్లో రెబెకా మూర్ హోవర్డ్ అనే అమెరికన్ అధ్యాపకురాలు పేరు పెట్టింది. ఇది దొంగబుద్ధి కాదు, కొత్త శాస్త్రంలోకి అడుగుపెట్టినవాళ్ళు తప్పటడుగులు వేసే దశ అని వాదించింది. ఆవిడతో ఏకీభవిస్తాను గానీ ఆ వాదం విచారణ గదిలో ఎంత నిలబడుతుందో మన అదృష్టం. టర్నిటిన్ సాఫ్ట్‌వేరు కలిసిన చోటల్లా రంగు పూసి ఇంత శాతమని చూపిస్తుంది. తప్పో కాదో తేల్చేది మాస్టారే. పిల్లకి మొదటిసారి గనక తిరగరాయమని వదిలేశారు.

తిరగరాయడానికి ఫోనులోనే ఒక పద్ధతి పెట్టాను. పేపరు చదువు, మూసెయ్యి, అందులో ఏముందో నాకు తెలుగులో చెప్పు. తెలుగులో చెప్పలేకపోతే అర్థం కానట్టే, మళ్ళీ చదువు. చెప్పగలిగితే ఆ చెప్పినదాన్ని నీ ఇంగ్లీషులో రాయి, పక్కన పేరూ ఏడూ వెయ్యి. మొదటి వారం ఇద్దరం ఏడ్చాం. మూడో వారానికి క్రియల దాకా వచ్చాం: రచయిత ‘షోస్’ అని నువ్వు రాస్తే ఒప్పుకున్నట్టు, ‘క్లెయిమ్స్’ అంటే నమ్మకం లేక మూతి విరిచినట్టు, ‘సజెస్ట్స్’ అంటే మధ్యన. తేల్చాడు, చెప్పుకుంటున్నాడు, అంటున్నాడు. ఈ తేడా తెలుగువాడికి ఒకరు చెప్పాలా?

మాటల కొరత గురించి అడుగుతారు గనక ఇదీ చెప్పేస్తాను. న్యూజిలాండులో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ 35 లక్షల మాటల పాఠ్యాన్ని వడగట్టి, 2000లో 570 పదకుటుంబాల జాబితా ఇచ్చింది. ఏ శాస్త్రం తిరగేసినా నూటికి పది మాటలు అందులోవే. రోజుకి ఐదు చొప్పున చదివితే నాలుగు నెలల పని. జాబితా బట్టీ పట్టొద్దు, చదివే పేపర్లో అవి ఎక్కడున్నాయో గీత గీసుకోవాలి.

మా వాళ్ళకి ఇంకో చిక్కు మర్యాద. మెయిలుకి మూడు ‘రెస్పెక్టెడ్ సర్’లు, చివర ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’. ఏం చేయాలో చెప్పకుండా చేయమంటే ఆ మాస్టారేం చేస్తాడు పాపం! క్లాసులో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీ మాట నమ్మడం లేదన్నట్టు వినబడుతుంది, ‘క్వశ్చన్’ అనాలి. మన ‘అండి’ ఇంగ్లీషులో ‘సర్’లోకి వెళ్ళదు, ‘కుడ్ యు’లోకీ ‘ఐ వండర్ ఇఫ్’లోకీ వెళ్తుంది.

ఆ దింపు రోజు సంగతి పూర్తి చేయలేదు. కొత్తపేట కుర్రాడు పేజీ తిరగరాశాడు. దింపు మనిషి మాట వాడుకుంటూ, ఆయన్నడిగి పేరు కూడా వేస్తానన్నాడు. అమెరికన్ పద్ధతి ఒకదాన్లో దీనికి పర్సనల్ కమ్యూనికేషన్ అని లెక్క ఉంది.

“ఇంటిపేరు ముందే రాస్తారాండి?” అన్నాడతను, మోకు సర్దుకుంటూ.

కుర్రాడు ఫోనులో చూశాడు. పుస్తకం రాసినవాళ్ళకైతే చివరి జాబితాలో ఇంటిపేరే ముందు. నోటిమాట చెప్పినవాళ్ళకి పొడి అక్షరం ముందు, ఇంటిపేరు వెనక. జాబితాలో అసలెక్కరు.

“అంటే చెప్పినోడికంటే రాసినోడే గొప్పన్నమాట” అని నవ్వి, అతను తర్వాతి చెట్టెక్కాడు.