చక్రం మూలుగుతోంది, విన్నారా?

నడుస్తున్న కారు ముందు చక్రం నుండి ఒక్కొక్కప్పుడు గుర్రుమని మూలుగు వినిపిస్తుంది. వేగం పెరిగితే మూలుగూ పెరుగుతుంది. అనుభవమున్న మెకానిక్ అది వినగానే "బేరింగు పోయింది, మార్చాలి" అంటాడు. బేరింగు అంటే ఏమిటి? దానిని ఎలా మారుస్తారు?

ముందు ఎడ్లబండిని చూడండి. చక్రం ఇరుసును ఒరుసుకుంటూ తిరుగుతుంది. రాపిడి తగ్గడానికి కందెన పూస్తారు. బండి నెమ్మదిగా నడుస్తుంది కనుక అది చాలు. మరి కారు సంగతి? చక్రం చుట్టుకొలత 1.8 మీటర్లు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే అది నిమిషానికి సుమారు 555 సార్లు తిరగాలి. అంత వేగంలో, కారు బరువు మోస్తూ, ఇనుము ఇనుమును ఒరుసుకుంటే వేడెక్కి పట్టేస్తుంది. జారుడు ఘర్షణ కంటే దొర్లుడు ఘర్షణ చాలా తక్కువ అని మీరు చదువుకున్నారు. అందుకే ఇరుసుకూ, చక్రం మధ్యనుండే హబ్బుకూ నడుమ ఉక్కు గుండ్లనో రోలర్లనో పెడతారు. అదే బేరింగు. గుర్రపుబండి ఇరుసులో గుండ్లు అమర్చే పద్ధతికి వేల్స్ దేశస్థుడు ఫిలిప్ వాన్ 1794లోనే పేటెంటు పొందాడు.

మలుపులో చక్రంపై పక్కనుండి కూడా తోపు పడుతుంది. దానిని తట్టుకోవడానికి అమెరికాలో బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో ఏటవాలు రోలర్లకు పేటెంటు పొందాడు. ఒక చివర సన్నగా ఉన్న స్టీలు గ్లాసును నేలమీద దొర్లించండి. తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. ఈ రోలర్లూ అలాగే జారకుండా ఇరుసు చుట్టూ దొర్లుతాయి. లోపలి భాగాన్ని కోను అనీ, హబ్బులో బిగిసి ఉండే వెలుపలి భాగాన్ని కప్పు అనీ అంటారు. ఇటువంటి బేరింగు ఒకవైపు తోపునే ఆపగలదు. కనుక ఒక్కొక్క చక్రానికి రెండింటిని ఎదురెదురుగా పెడతారు.

ఇంజను వెనుక చక్రాలను తిప్పే పాత కార్లలో వీటిని మార్చే విధం చూడండి. ముందుగా వెనుక చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టి, కారును జాకీతో లేపి, గట్టి స్టాండు మీద నిలుపుతారు. ఒక్క జాకీని నమ్మి కారు కిందకు దూరరాదు. జాకీ జారితే ప్రాణం పోతుంది. తరువాత చక్రం, బ్రేకు భాగాలు తీసి, పిన్ను లాగి, నట్టు విప్పి, హబ్బును బయటకు తీస్తారు. పాత కప్పును ఇత్తడి కడ్డీతో తట్టి ఊడదీస్తారు.

కప్పు బాగానే కనిపిస్తే ఉంచవచ్చు గదా? ఉంచరాదు. దానిపైనున్న సన్నని గుంటలు కొత్త రోలర్లను కొద్ది కాలంలోనే పాడుచేస్తాయి. అందువలన కప్పూ కోనూ కలిపే మార్చాలి. రోలర్ల సందుల్లో గ్రీజు కూరి, కొత్త ఆయిల్ సీలు వేస్తారు.

చివరిది నట్టు బిగింపు. ఎక్కువ బిగిస్తే బేరింగు కాలిపోతుంది. వదులైతే చక్రం ఊగుతుంది. కనుక చక్రాన్ని తిప్పుతూ బిగించి, కొంచెం వదులుచేసి, తయారీదారు చెప్పిన కొలతకు సరిచేస్తారు. ఆపైన కొత్త పిన్ను గుచ్చి కొనలు వంచుతారు. బండి ఇరుసుకు చీల ఎటువంటిదో కారుకు ఈ పిన్ను అటువంటిది. అది లేక నట్టు విడిపోతే చక్రమే ఊడిపోవచ్చు.

నేటి చాలా కార్లలో మూసివేసిన బేరింగులు వస్తున్నాయి. వాటిలో గ్రీజు నింపే పని లేదు. పాడైతే మొత్తం మార్చవలసిందే.

మీ సైకిలు చక్రంలోనూ కప్పులు, కోనులు, గుండ్లు ఉంటాయి. ఈ సాయంత్రం ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పండి. గరగరమంటోందా? పక్కలకు ఊగుతోందా? అయితే కారణమేమిటో ఇప్పుడు మీరే చెప్పగలరు!