ఇంటికొక గానపేటిక

భాగవతం పేర్కొన్న నవవిధ భక్తులలో శ్రవణానిది ప్రథమస్థానం. కీర్తనం దాని తరువాతనే వస్తుంది. పాడేవానికన్న ముందు వినేవాడు ఉండాలని మన పెద్దలు భావించారు కాబోలు. ఒకప్పుడు ఈ శ్రవణం కోసం గుడికో, హరికథ జరిగే పందిరికో, కచేరీ సాగే సభకో వెళ్ళవలసి వచ్చేది. గ్రామఫోను, రేడియో, టేపురికార్డరు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ పందిరిని ఇంటిలోనికి తెచ్చాయి. నేడు అరచేతిలో ఇమిడే స్మార్ట్ స్పీకరు బల్ల మీద కూర్చుని, నోటిమాటకే పలుకుతున్నది. కొత్తగా గానపేటిక కొనదలచినవారు రెండు దారుల నడుమ నిలిచి ఆలోచించవలసి వస్తున్నది. యాంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు, వాటిని కలిపే తీగలు గల పాతపద్ధతి ఆడియో వ్యవస్థ మేలా? తీగలు లేని స్మార్ట్ స్పీకరు మేలా? ఈ ప్రశ్న నాకు మా ఇంటిలోనే, మా అమ్మగారి మూలంగా ఎదురైంది.

మేము సికింద్రాబాదు సమీపంలోని కాప్రాలో నివసిస్తున్నాం. ఈ ప్రాంతానికి ఎలక్ట్రానిక్స్ కొత్త కాదు. అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో 1967 ఏప్రిల్ 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ ఇక్కడనే ప్రారంభమైంది. ఈసీఐఎల్ అన్న పొట్టిపేరుతోనే అది జనానికి పరిచయం. దానికి పునాదులు వేసిన శాస్త్రవేత్త డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామానికి చెందినవారు. మా పక్కనున్న ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరుతో వెలసిందే. ఆ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీలు ఒకప్పుడు తెలుగువారి ఇళ్ళలో గౌరవస్థానాన్ని పొందాయి. అటువంటి పరిసరాలలో నివసిస్తూ కూడా నేను ఎలక్ట్రానిక్స్ గురించి ఏమీ నేర్చుకోలేదు. ప్రబంధాలు చదువుకున్నవానికి ట్రాన్సిస్టరుతో పనేమిటని అనుకునేవాణ్ణి.

అధ్యాపకవృత్తిలో చేరిన కొత్తలో కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒక ఆడియో సెట్టు కొన్నాను. రేడియో, క్యాసెట్టు డెక్కు, సీడీ ప్లేయరు, రెండు కొయ్య పెట్టెలు. అమ్మ దానిని తనదిగా చేసుకున్నది. కృష్ణాతీరంలో పుట్టి పెరిగిన ఆమెకు 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం పుట్టింటి చుట్టం వంటిది. తెల్లవారుజామున భక్తిరంజని వింటూ కళ్ళాపి చల్లిన రోజుల గురించి ఇప్పటికీ చెబుతుంది. ఎనభై దాటిన తరువాత నీటికాసుల వ్యాధి ఆమె చూపును చాలావరకు హరించింది. పుస్తకం పోయింది, టీవీ పోయింది, మిగిలింది వినడం ఒక్కటే. సరిగ్గా ఆ సమయంలోనే మా సెట్టు కూడా వృద్ధాప్యంలో పడింది. డెక్కులోని రబ్బరు బెల్టు సాగిపోయింది. చుట్టూ లేచిన కాంక్రీటు భవనాల వలన, ఎల్ఈడీ దీపాలూ ఇన్వర్టరులూ పుట్టించే విద్యుత్ రొద వలన మీడియం వేవ్ మీద బరబరలే తప్ప మాట వినిపించని స్థితి ఏర్పడింది. కొత్తది కొనక తప్పదని తేలింది.

ఏది కొనాలో నిర్ణయించే ముందు శబ్దస్వరూపాన్ని కొంత తెలుసుకోవాలి. మన నైయాయికులు శబ్దాన్ని ఆకాశానికి గుణంగా భావించారు. ఆధునిక భౌతికశాస్త్రం దీనిని అంగీకరించదు. గాలి వంటి యానకంలో వ్యాపించే కంపనమే శబ్దం. అయితే శబ్దం చెవిని ఎలా చేరుతుందో వివరించడానికి వారు చెప్పిన రెండు ఉపమానాలు ఇప్పటికీ ఉపయోగపడతాయి. నీటిలో ఒక అల మరొక అలను పుట్టిస్తూ సాగినట్లు శబ్దం సాగుతుందనేది వీచీతరంగన్యాయం. కడిమిమొగ్గ అన్ని వైపులకూ ఒక్కసారే విచ్చుకున్నట్లు శబ్దం దశదిశలకూ వ్యాపిస్తుందనేది కదంబముకుళన్యాయం. గుండ్రని స్మార్ట్ స్పీకర్లను చూసినప్పుడు నాకు ఈ రెండవ న్యాయమే గుర్తుకు వస్తుంది. గదిలో ఎక్కడ కూర్చున్నా ఇంచుమించు ఒకే విధంగా వినిపించేటట్లు వాటిలో చాలావాటిని రూపొందించారు. పాతపద్ధతి పెట్టెలు అలా కాదు. అవి శ్రోతకు అభిముఖంగా ఉండి, నాదాన్ని ప్రధానంగా అతని వైపే పంపుతాయి.

స్పీకరు పనిచేసే తీరు రెండింటిలోనూ ఒకటే. అయస్కాంత క్షేత్రంలో ఉంచిన తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించగా ఆ చుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానికి అతికించిన కోను గాలిని కదిలిస్తుంది. రైస్, కెలాగ్ అనే అమెరికను ఇంజనీర్లు 1925లో వెల్లడించిన ఈ పద్ధతి నూరేళ్ళ తరువాత కూడా పెద్దగా మారలేదు. తేడా అంతా పరిమాణంలో ఉన్నది. మానవుని చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ పౌనఃపున్యం గల శబ్దాలను గ్రహిస్తుంది. 20 హెర్ట్జ్ శబ్దానికి గాలిలో తరంగదైర్ఘ్యం దాదాపు 17 మీటర్లు. ఇటువంటి మంద్రస్థాయి శబ్దాలను గట్టిగా పలికించాలంటే చాలా గాలిని కదిలించాలి. వెడల్పాటి కోను, దాని వెనుక విశాలమైన పెట్టె అందుకే అవసరమవుతాయి. మృదంగం ఎడమ ముఖం మీద పలికే గంభీరనాదం, తంబురా అడుగుశ్రుతి చిన్న కోనుకు లొంగవు.

మరి చిన్న స్పీకరులో కూడా మృదంగం వినిపిస్తున్నదే అని విద్యార్థులు అడగవచ్చు. అందులో ఒక చమత్కారం ఉన్నది. ఏదైనా స్వరానికి మూలమైన పౌనఃపున్యం వినిపించకపోయినా దాని అతిస్వరాలు వినిపిస్తే చాలు, మన మెదడు మూలస్వరాన్ని తానే ఊహించి పూరించుకుంటుంది. చిన్న స్పీకర్లు ఈ స్వభావాన్ని ఆధారం చేసుకుంటాయి. చెప్పనిది స్ఫురించడాన్ని ఆలంకారికులు ధ్వని అన్నారు. ఇక్కడ ఆ మాట అక్షరాలా సార్థకమైంది. ఊహ ఎంత చక్కనిదైనా మృదంగం ముందు కూర్చున్నప్పుడు ఛాతీని తాకే కంపనం అందులో ఉండదు.

రెండు పెట్టెలు ఎందుకనే ప్రశ్నకు సమాధానం మన రెండు చెవులలో ఉన్నది. ఎడమ చెవికీ కుడి చెవికీ చేరే శబ్దాలలోని స్వల్పభేదాన్ని బట్టి మనం దిక్కును గుర్తిస్తాం. అలన్ బ్లమ్లీన్ అనే ఆంగ్ల ఇంజనీరు 1931లో ఈ సూత్రంపై స్టీరియో పద్ధతిని రూపొందించాడు. రెండు పెట్టెలూ, శ్రోతా కలిసి సమబాహు త్రిభుజంగా ఏర్పడితే గాయకుడు నడుమ, వయొలిను ఒక పక్క, మృదంగం మరొక పక్క కూర్చున్న అనుభూతి కలుగుతుంది. ఒకే స్మార్ట్ స్పీకరు ఈ అనుభూతిని పూర్తిగా ఇవ్వలేదు. అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. 1950, 60 దశకాల తెలుగు సినిమాపాటలు చాలావరకు మోనో పద్ధతిలో, అంటే ఒకే శబ్దమార్గంలో ముద్రితమైనవి. మీడియం వేవ్ రేడియో ప్రసారమూ అంతే. అమ్మ వినేది ఎక్కువగా ఆ పాటలనూ, ఆ రేడియోనూ. ఆమెకు స్టీరియో వలన కలిగే లాభం స్వల్పం. పెట్టెల సంఖ్య చూసి మురిసిపోయే నాబోటివారు ముందుగా తమ ఇంటివారు వినేదేమిటో గమనించడం మంచిది.

తీగలు లేకపోవడం వలన నాణ్యత తగ్గుతుందా అనేది తరచుగా వినిపించే సందేహం. సీడీలో ఒక్క క్షణానికి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో నమోదు చేస్తారు. రెండు మార్గాలకూ కలిపి ఇది క్షణానికి 14,11,200 బిట్లు. తొలి ప్రమాణం 1999లో వెలువడిన బ్లూటూత్, దాని సాధారణ పద్ధతిలో, సుమారు ఇందులో నాలుగవ వంతునే మోస్తుంది. చెవి అంతగా పట్టించుకోని వివరాలను వదిలివేసి ఆ తగ్గింపును సాధిస్తారు. వైఫై ద్వారా అయితే మొత్తం సమాచారాన్నీ పంపవచ్చు. నిశ్శబ్దమైన గదిలో, మంచి పెట్టెల ముందు శ్రద్ధగా కూర్చున్నవారికి ఈ భేదం తెలియవచ్చునేమో గాని, ఈసీఐఎల్ చౌరస్తా బస్సుల మోత వినిపించే గదిలో దాని కోసం చింతించడం అనవసరం.

ఇక స్మార్ట్ స్పీకరు అసలు ప్రత్యేకత మాట వినడం. అమెజాన్ సంస్థ ఎకో స్పీకరు అమెరికాలో 2014లోనూ, మనదేశంలో 2017లోనూ విడుదలైంది. గూగుల్ హోమ్ మన విపణిలోకి 2018లో వచ్చింది. ఇటువంటి స్పీకరులో మైక్రోఫోనులు ఎల్లప్పుడూ మేలుకొని, నిర్ణీతమైన ఒక పిలుపు కోసం ఎదురుచూస్తాయి. ఆ పిలుపు వినగానే తరువాతి మాటలను అంతర్జాలం ద్వారా సంస్థవారి దూరపు కంప్యూటర్లకు పంపి, అక్కడ అర్థం చేయించి, అడిగినదానిని తెప్పించి వినిపిస్తాయి. చూపు లేనివారికి, మంచం పట్టినవారికి ఇది వరం. ఆకాశవాణి ప్రసారాలు నేడు అంతర్జాలంలో కూడా లభిస్తున్నందువలన, మా ఇంటి గోడలను దాటలేని విజయవాడ కేంద్రం ఈ మార్గాన బరబరలు లేకుండా వచ్చి పలికింది. ఆ ఉదయం అమ్మ ముఖంలో కనిపించిన వెలుగును నేను మరచిపోలేను.

మరునాడు ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చిక్కు వచ్చింది. "విజయవాడ పెట్టు తల్లీ" అని తెలుగులో ఎంతో మర్యాదగా అడిగింది. స్పీకరు ఆంగ్లంలో క్షమాపణ చెప్పుకున్నది. మరికొంత గట్టిగా అడిగితే ఏదో హిందీ పాట అందుకున్నది. సాయంత్రం నేను ఇల్లు చేరగానే, "ఏమిట్రా అబ్బాయ్, తెలుగునాట అమ్ముతూ దీనికి తెలుగు నేర్పలేదా?" అని నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు. నా కుమార్తె ఒక ఆంగ్లవాక్యాన్ని నాయనమ్మకు వల్లె వేయించింది. మూడు రోజులలో ఆమె దానిని స్తోత్రంలాగా కంఠస్థం చేసింది. వృద్ధురాలైన మా అమ్మ యంత్రం కోసం ఒక పరాయి వాక్యాన్ని నేర్చుకోవలసి రావడం తెలుగు పాఠాలు చెప్పే నాకు చిన్నతనంగా తోచింది. అంతర్జాలం ఆగిన రోజున ఆ వాక్యం కూడా పనిచేయలేదు. పాత సెట్టుకు ఇటువంటి పేచీలు లేవు. దాని మరలను ఆమె వ్రేళ్ళు చూపు లేకుండానే గుర్తుపట్టేవి.

ఎల్లప్పుడూ చెవులు నిక్కించి ఉండే వస్తువును ఇంటిలో ఉంచుకోవడం గురించి కూడా ఆలోచించాలి. పిల్లల కంఠస్వరాల రికార్డులను తగని కాలం నిలువ ఉంచుకున్నదన్న ఆరోపణపై అమెరికాలో అమెజాన్ 2023లో రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని మన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ కోసం 2023లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, స్పీకరు మీద మైక్రోఫోనును ఆపే మీట ఎక్కడున్నదో ఇంటిలోని ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

ఆయుర్దాయం మరొక విషయం. పాత యాంప్లిఫయరులో కెపాసిటరు చెడితే మార్చవచ్చు. మన ఎండలకు కోను అంచు చివికిపోతే కొత్త అంచు వేయించవచ్చు. ఏ భాగానికి ఆ భాగం వేరు కనుక ఒకటి పోయినా తక్కినవి మిగులుతాయి. స్మార్ట్ స్పీకరులో అన్నీ ఒకే గుల్లలో బిగించి ఉంటాయి. పైగా దాని ప్రాణం దానిలో ఉండదు, తయారుచేసిన సంస్థ కంప్యూటర్లలో ఉంటుంది. మన జానపద కథలలో మాంత్రికుని ప్రాణం ఏడు సముద్రాలకు ఆవల చిలుకలో ఉన్నట్లు. అమెరికాకు చెందిన సోనోస్ సంస్థ 2020 మే నెలలో తన పాత నమూనాలు కొన్నింటికి కొత్త సాఫ్ట్‌వేరు ఇవ్వడం నిలిపివేసింది. అవి అప్పటికప్పుడు మూగబోలేదు గాని, కొన్నవారు చాలా నొచ్చుకున్నారు. కోను చిరగకుండానే, తీగ తెగకుండానే ఒక వస్తువు పాతబడిపోవడం వారికి వింతగా తోచి ఉండాలి.

చివరకు మేము రెండింటినీ కలుపుకున్నాం. కొన్ని స్మార్ట్ స్పీకర్లకు శబ్దాన్ని బయటికి పంపే చిన్న రంధ్రం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కొనేటప్పుడు దీనిని అడిగి తెలుసుకోవాలి. మొదట తెచ్చినదానికి లేకపోతే మార్చి తెచ్చుకున్నాం. ఆ రంధ్రం నుండి ఒక తీగను పాత యాంప్లిఫయరుకు కలిపాం. ప్రతి ఉదయం నిర్ణీత సమయానికి విజయవాడ కేంద్రం తనంతట తానే మొదలయ్యేటట్లు నా కుమార్తె ఏర్పాటు చేసింది. ఇప్పుడు అడిగే పని స్పీకరుకు లేదు, చెప్పే పని అమ్మకు లేదు. నాదం మాత్రం పాతికేళ్ళనాటి కొయ్య పెట్టెలలో నుండే వస్తుంది. హెచ్చించడం, తగ్గించడం, చాలనుకున్నప్పుడు ఆపడం పాత మరతోనే. పగటివేళ వేరే పాట వినాలనిపిస్తే తాను నేర్చిన ఆంగ్లవాక్యాన్ని ప్రయోగిస్తుంది, చివర "నాయనా" అని చేర్చి. క్యాసెట్టు డెక్కు బెల్టు కోసం మాత్రం నేను ఇంకా కోఠి దుకాణాలలో వెతుకుతూనే ఉన్నాను. తాతగారు చదివిన భారతపద్యాల క్యాసెట్టు ఒకటి ఇంటిలో ఉన్నది. అది ఏ అంతర్జాలంలోనూ దొరకదు.