కత్తికి తెగని పిశాచం

పిశాచం కథకు చీకటి కావాలి. కత్తియుద్ధానికి వెలుతురు కావాలి. మొదటిది ఆలస్యంవల్ల రక్తి కడుతుంది, రెండవది వేగంవల్ల. సంగీత పరిభాషలో చెప్పవలెనంటే ఒకటి విలంబకాలం, మరొకటి ద్రుతకాలం. ఇంతటి విరోధం గల భయానక వీరరసాలను ఒకే చలనచిత్రంలో పొందుపరచడం ఎట్లా సాధ్యమైనది? మన తెలుగు జానపద చిత్రాలూ, దూరాన ఉన్న హాంకాంగ్ చిత్రాలూ ఈ ప్రశ్నకు ఇంచుమించు ఒకే సమాధానం చెప్పినవి.

ముందుగా చిక్కు ఎక్కడున్నదో చూతము. మన ఆయుధం పనిచేయనిచోట భయం పుడుతుంది. అది పనిచేసేచోట సాహసం పుడుతుంది. నాయకుడు కత్తి దూయగానే పిశాచం రెండు తుండెములై పడిపోతే అది పిశాచం కాదు, వేషం మార్చిన బందిపోటు మాత్రమే. పోనీ, ఎన్ని వేట్లు వేసినా అది చావదనుకుంటే యుద్ధమంతా వృథాప్రయాసమై చూపరులకు విసుగు పుట్టిస్తుంది. కనుక కత్తి ఎప్పుడు తెగదో, ఎప్పుడు తెగుతుందో నిర్ణయించే నియమం ఒకటి కథలో ఉండి తీరాలి. ఆ నియమాన్ని కనుగొనడమే నాయకుని అసలు పని.

ఈ నియమం మన కథలలో చాలా పాతది. పదకొండవ శతాబ్దిలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన బేతాళ కథలనే తీసుకొనండి. రాజు భుజాన శవం, ఆ శవంలో బేతాళుడు. వీరుడైన రాజుకు ఆ దారి పొడుగునా కత్తి అక్కరకు రాదు, మౌనమే ఆయుధం. నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. చివరకు బేతాళుడే ప్రసన్నుడై, రాజును బలి ఇవ్వబోతున్న భిక్షువు పన్నాగాన్ని బయటపెడతాడు. అప్పుడుగాని రాజు కత్తికి పని కలగదు. రిచర్డ్ బర్టన్ 1870లో ఈ కథలను ఇంగ్లీషులో వెలువరిస్తూ గ్రంథం పేరులోనే బేతాళుణ్ణి ‘వాంపైర్’ అన్నాడు. బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ నవల వచ్చినది ఆ తరువాత, 1897లో. బేతాళుడికి నెత్తురు మీదకంటె ప్రశ్నల మీద మక్కువ ఎక్కువ. అయినా ఆ పోలిక పూర్తిగా తప్పు కాదు. ఇద్దరూ శవాన్ని ఇల్లు చేసుకున్నవారే.

బాలనాగమ్మ కథలోనూ ఇదే తీరు. మాయల ఫకీరు ప్రాణం అతని దేహంలో లేదు. సముద్రాల కావల చిలుకలో ఉన్నది. డ్రాకులాకు గుండెలో దిగవలసిన మేకు ఎటువంటిదో ఫకీరుకు ఆ చిలుక అటువంటిది. 1942లో జెమినీ సంస్థ ఈ కథను తెరకెక్కించినది. 1947లో ‘చందమామ’ను ప్రారంభించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ 1951లో ‘పాతాళభైరవి’ని నిర్మించినది. కె. వి. రెడ్డిగారు దర్శకులు. అందులో తోటరాముణ్ణి బలి ఇవ్వదలచిన నేపాళ మాంత్రికుడు తానే బలి అవుతాడు. శిష్యుని వలన మళ్ళీ బ్రతుకుతాడు. కత్తివేటుతో తీరని పీడ అది. తుదకు అతని మహిమ గడ్డంలో ఉన్నదని తెలుసుకొని, మాయమాటలతో ఆ గడ్డం తీయించిన తరువాతనే అతని పని ముగుస్తుంది. రామారావుగారి కత్తికి దారి చూపినది మంగలికత్తి అన్నమాట!

కన్నడ దేశంలో పుట్టి తెలుగువారికి ఆప్తులైన బి. విఠలాచార్యగారు (1920–1999) ఈ పద్ధతిని ఒక పరిశ్రమగానే నడిపించారు. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావుగారు ఇటువంటి జానపద చిత్రాలలో తిప్పిన కత్తి చివరకు ఆయన ఇంటిపేరుగా మారి ‘కత్తి కాంతారావు’ అయినారు. ఆనాటి మాయలు సులభమైనవి. కెమెరాను కదల్చక ఆపి, నటుణ్ణి తప్పించి, మళ్ళీ తిప్పితే మనిషి మాయం. ఒకే ఫిల్ముపై రెండుమార్లు చిత్రం పట్టితే వెనుకనున్న గోడ కనిపించే పలుచని దయ్యం. ఫిల్మును వెనుకకు నడిపితే నేలబడిన కత్తి ఎగిరి చేతికి వస్తుంది. 1978 నాటి ‘జగన్మోహిని’లో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. పిల్లలు కెవ్వుమని, వెంటనే పకపక నవ్వినారు. భయానికీ వీరానికీ నడుమ హాస్యాన్ని వంతెనగా వేయడం విఠలాచార్యగారి నేర్పు.

1974లో లండను హామర్ సంస్థ, హాంకాంగ్ షా సోదరుల సంస్థ కలిసి ‘ఏడుగురు బంగారు రక్తపిశాచుల గాథ’ తీసినవి. పీటర్ కుషింగ్ పక్కన చీనా వీరులు నిలిచి పోరాడారు. పోరాటాలు జోరుగానే ఉన్నవి. అయితే కూలిన పిశాచాల లెక్క పెరిగినకొద్దీ భయం తరుగుతుంది. 1985లో వచ్చిన ‘మిస్టర్ వాంపైర్’ ఈ లోటును తీర్చినది. అందులోని శవం చేతులు చాచి గెంతుతూ వస్తుంది. మనిషి జాడను ఊపిరినిబట్టి పట్టుకుంటుంది. నుదుట మంత్రించిన పసుపు కాగితం అంటిస్తే ఆగిపోతుంది. కనుక దాని ఎదుట నిలిచినవాడు ఊపిరి బిగపట్టాలి. సాముగరిడీకి ప్రాణమే ఊపిరి. ఆ ఊపిరినే నిషేధించినారు! ఇక్కడ ప్రతి దెబ్బలోనూ భయం ఉన్నది, ప్రతి భయంలోనూ దెబ్బ ఉన్నది. రెండు రసాలూ పాలు నీళ్ళవలె కలిసినవి.

ధ్వనినే నమ్ముకున్న మా రేడియోవారికి ఇందులో మరొక సంగతి తోస్తుంది. కత్తుల ఖణఖణ ధైర్యం చెబుతుంది, నిశ్శబ్దం భయపెడుతుంది. ఊపిరి బిగపట్టిన ఆ క్షణంలో చిత్రం కూడా ఊపిరి బిగపడుతుంది. ఖణఖణకు ముందు ఆ నిశ్శబ్దం లేకపోతే తరువాతి యుద్ధం ఒట్టి చప్పుడే.

ఇది వినోదపు ముచ్చట. అయితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే నారాయణఖేడ్ వంటి సరిహద్దు ప్రాంతంలో ఈ ముచ్చట తెరమీదనే ఆగదు. 2016 వరకు నారాయణఖేడ్ మెదకు జిల్లాలోనిది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోనిది. ఆ మెదకు సీమలో బాణామతి అన్న మాటకు ఉన్న బలం అందరికీ తెలిసినదే. ఎవరికో జబ్బు చేస్తుంది, ఎవరిదో గొడ్డు చచ్చిపోతుంది. ఊరు ఒక ముసలివానివైపో, ఒంటరి ఆడుదానివైపో వేలు చూపుతుంది. ఇటువంటి అనుమానంతో అమాయకులను కొట్టిన, చంపిన ఉదంతాలు అనేకం జరిగినవి. చంపినవారు తమ్ము తాము తోటరాముళ్ళమనే అనుకొని ఉంటారు. కాని వారి ఎదుట ఉన్నది మాంత్రికుడు కాదు, దిక్కులేని మనిషి.

దయ్యాల చిత్రాలే ఈ హత్యలకు కారణమనడం న్యాయం కాదు. బాణామతి భయం సినిమా కంటె పాతది. పైగా మన పాత కథలు చెప్పిన నీతి ఇందుకు సరిగ్గా విరుద్ధం. ముందు సంగతి తెలుసుకో, ఆ తరువాతనే కత్తి ముట్టు అని అవి బోధించినవి. రాజు బేతాళుని చెంత మౌనం పట్టి విన్నాడు. రాముడు గడ్డం రహస్యం కనుగొన్నాడు. జబ్బు రహస్యం వైద్యుని దగ్గర ఉన్నది, గొడ్డు రహస్యం పశువైద్యుని దగ్గర ఉన్నది. అది విచారించక ఎత్తిన కత్తి ఏ పిశాచాన్నీ చంపదు. ఎత్తినవానినే పిశాచాన్ని చేస్తుంది.